బిడ్డ మనసు కూడా బడి లెక్కలో ఉండాలి

(మిషన్ బళ్లల్లో, బోర్డింగుల్లో చదివే పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల నేను ఒక పిల్ల గురించి మాట్లాడటానికి వచ్చాను. ఏ ఊరి పిల్లో చెప్పను. పేరు చెప్పొద్దని ఆ పిల్లే అడిగింది. సంగతి చెప్పమని వాళ్లమ్మ అడిగింది. ఎనిమిదో తరగతి. సిస్టర్ల బోర్డింగులో ఉండి చదువుతున్నది. సెలవులకు ఇంటికొచ్చిన పిల్ల, సెలవులైపోయినా తిరిగి పోనంటున్నది. ఎందుకే అంటే కడుపునొప్పి అంటుంది. ఆస్పత్రిలో చూపిస్తే కడుపులో ఏమీ లేదన్నారు. "అప్పు చేసి ఫీజు కట్టాను, పోకపోతే ఎట్టా?" అని తండ్రి అరుస్తున్నాడు. సోమవారానికి రాకపోతే పేరు కొట్టేస్తామని బడి నుంచి కబురొచ్చింది. అంటే మనకు నాలుగు రోజులే ఉన్నాయి.

అందరూ ఆ పిల్ల నాటకమాడుతున్నదంటున్నారు. నేను అనను. ఆ కడుపునొప్పి నాకు తెలుసు.

నేను కూడా బోర్డింగు పిల్లనే. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా బళ్లో ప్రతి సోమవారం ప్రార్థన అయిపోగానే ఫీజు బాకీ ఉన్నవాళ్ల పేర్లు చదివేవాళ్లు. పేరు వచ్చినవాళ్లు వరస తప్పి వేపచెట్టు కింద నిలబడాలి. అక్కడ నిలబడేది ఎవరు? మేమే. మా నాయన పొగాకు బేరన్లో కూలి. డబ్బు వచ్చినప్పుడు కట్టేవాడు, లేనప్పుడు లేదు. నాకు ఆదివారం సాయంత్రం నుంచే కడుపు మెలిపెట్టేది. ఇంకోరోజు గుమాస్తా తరగతిలోకి కాగితం పట్టుకొని వచ్చి "ఎస్సీలు లేవండి, బీసీ-సీలు లేవండి" అన్నాడు. లేచాను. నా పక్కన కూర్చొని నా క్యారేజీలోది తిన్న పిల్ల మర్నాడు ఇంకో బెంచీకి పోయింది.

నన్ను ఎవరూ కొట్టలేదు. ఎవరూ తిట్టలేదు. దెబ్బ తగిలితే అమ్మకు చూపిస్తాం. దీన్ని ఏమని చూపించాలి? ఎవరికీ చెప్పలేదు. చివరికి పాపసంకీర్తనంలో ఫాదర్‌గారికి చెప్పాను. ఏమని? "కడుపునొప్పి అని అబద్ధమాడాను, పక్క పిల్ల మీద కోపం పెంచుకున్నాను" అని. ఆయన మంచివాడే. మూడు జపాలు చెప్పుకొమ్మన్నాడు. పాపసంకీర్తనంలో విన్నది ఆ గురువు ఎవరికీ చెప్పగూడదు, అది వాళ్ల కట్టుబాటు. కాబట్టి ఆ మాట అక్కడే ఆగిపోయింది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. నాకు జరిగిన అన్యాయం నేను చేసిన పాపం కింద మారిపోయింది.

నన్ను నిలబెట్టింది వంటమ్మ. మన మనిషే. ఆదివారం రాత్రి నేను అన్నం ముట్టకపోవడం రెండు మూడు వారాలు చూసింది. "నీ కడుపుకు కాదులేవే, ఏం జరిగిందో చెప్పు" అని పక్కన కూర్చున్నది. అరగంట ఏడ్చాను. ఆమె పోయి బోర్డింగు సిస్టర్‌తో చెప్పింది. ఆ సిస్టర్ ఆఫీసులో గట్టిగా మాట్లాడింది. ఆ నెల నుంచి పేర్లు చదవడం ఆగింది. చూడండి, విన్నది ఒక్క మనిషి, ఆపై కదిలింది ఇంకొక్క మనిషి. నేను చదువు మానకుండా ఉండటానికి అది సరిపోయింది. తర్వాత నేనూ టీచర్నయ్యి మిషన్ బళ్లో పనిచేశాను. అందుకే రెండు వైపులా తెలిసి మాట్లాడుతున్నాను.

మిషన్ బళ్లు మనకు చేసింది తక్కువేం కాదు. ఊరి బడి మన తాతల్ని వాకిట్లోకి రానియ్యని రోజుల్లో పలకా బలపం ఇచ్చింది చాలాచోట్ల ఫాదర్లు, సిస్టర్లు, మిషనరీలు. ఆ మేలు మరిచేవాళ్లం కాదు. కానీ మేలు చేశారు గదా అని బిడ్డ ఏడుపు దిగమింగమనడం న్యాయం కాదు.

కులం చర్చి గుమ్మం దగ్గర చెప్పులతోపాటు విడిచి రాలేదు. మన గుంటూరు, పల్నాడు వైపు 18వ శతాబ్దంలోనే రెడ్లు, కమ్మవారు కొందరు కతోలికులయ్యారు. మాలమాదిగలు ఎక్కువమంది తర్వాతి కాలంలో వచ్చారు. జ్ఞానస్నానం అందరికీ ఒక్కటే అయినా, ఊళ్లో వాడలు వేరుగానే ఉన్నాయి. ఇది నా సొంత మాట కాదు. కులవివక్ష సంఘంలో ఉన్నదని, అది ఘోరమైన పాపమని భారత కతోలిక బిషప్పులే 2016 డిసెంబరులో దళిత సాధికారత విధానం ప్రకటించి ఒప్పుకున్నారు. 2000లో మారంపూడి జోజిగారు హైదరాబాదు ఆర్చిబిషప్పు అయ్యారు, మనవాళ్లల్లో ఆ పదవి అందుకున్న మొదటివారు. 2022 ఆగస్టు 27న పూల ఆంథోనిగారు కార్డినల్ అయ్యారు, దళితుల నుంచి మొదటి కార్డినల్. సంతోషం. పైన కుర్చీ మారింది. కింద ఎనిమిదో తరగతి గదిలో బెంచీ మారిందా అని అడగడం మన పని.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా మన క్రైస్తవుల్ని ఎస్సీ జాబితా బయట పెట్టింది. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో లోపలికి తీసుకున్నారు, మనల్ని తీసుకోలేదు. క్రైస్తవంలోకి మారినవాళ్లకు అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. కొట్టడాన్నీ, మనసును వేధించడాన్నీ నిషేధించిన 2009 విద్యాహక్కు చట్టం మైనారిటీ బళ్లకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు అన్నది. అంటే మన బిడ్డకు బళ్లో అవమానం జరిగితే రెండు తలుపులు మూసి ఉన్నాయి.

అయినా తెరిచిన తలుపులున్నాయి. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ప్రకారం పిల్లల బాధ్యత చేతిలో ఉన్నవాళ్లు వాళ్లను కొట్టి హింసించినా, మనసుకు అక్కర్లేని బాధ కలిగించినా నేరం. పిల్లల మీద లైంగిక దాడి జరిగితే 2012 పోక్సో చట్టం ఉంది. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, బడి పెద్దలు దాచిపెడితే వాళ్లకూ శిక్ష పడుతుంది. అట్టాంటి ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు ప్రతి మేత్రాసనంలో ఉండాలని పోప్ ఫ్రాన్సిస్ 2019లో ఆజ్ఞ ఇచ్చారు. మీ మేత్రాసనంలో అది ఎవరి చేతిలో ఉన్నదో అడగండి.

ఇప్పుడు బడిని మనం అడగాల్సినవి నాలుగు.

ఒకటి. ఫీజు బడికీ తల్లిదండ్రులకూ మధ్య సంగతి. బిడ్డను నిలబెట్టగూడదు, పరీక్ష ఆపగూడదు. తల్లికి వందనం డబ్బు ఖాతాలో పడేదాకా గడువు అడుగుదాం. కాగితం మీద రాసిద్దాం.

రెండు. కులం కాగితాలు ఆఫీసులో తీసుకోవాలి. తరగతిలో లేవమనగూడదు. భోజనం దగ్గర, ఊడ్చే పని దగ్గర, బాత్రూములు కడిగే వంతు దగ్గర ఎవరి పేర్లు పడుతున్నాయో మనం పోయి చూడాలి.

మూడు. బిడ్డ మాట వినటానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి మార్కులు వేసేవాళ్లు కాగూడదు, శిక్ష వేసేవాళ్లు కాగూడదు. పాపసంకీర్తనం ఆ పనికి చాలదు, ఎందుకో నా కథలో విన్నారు. మనవాళ్లలో చదువుకున్న ఆడపిల్లలున్నారు, వాళ్లకు ఆ పని ఇయ్యమని అడుగుదాం.

నాలుగు. బోర్డింగులో ఉన్న బిడ్డ వారానికి ఒకసారి ఇంటికి ఫోను చేయాలి. పక్కన వార్డెను నిలబడకుండా మాట్లాడాలి. ఉత్తరం విప్పి చదవగూడదు.

ఇక మన ఇంటి సంగతి. మనమూ తప్పు చేస్తున్నాం. "నీ కోసం రెక్కలు ముక్కలు చేసుకుంటున్నాం" అని రోజూ అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాట విన్న బిడ్డ తన బాధ చెప్పదు, మన కష్టం చూసి నోరు మూసుకుంటుంది. ఆ మాట తగ్గించండి. సెలవులకొచ్చిన బిడ్డను మార్కులు అడిగేముందు "నీ పక్కన ఎవరు కూర్చుంటున్నారు? అన్నం ఎవరితో తింటున్నావు?" అని అడగండి. నిద్ర పట్టకపోయినా, పెద్దపిల్ల పక్క తడిపినా, మాట తగ్గినా, ఊరికే కడుపునొప్పి తలనొప్పి అన్నా కొట్టకండి. దయ్యం పట్టిందని తిప్పకండి. కూర్చొని వినండి. "చచ్చిపోవాలని ఉంది" అని బిడ్డ అంటే బెదిరింపు అనుకోవద్దు. ఒంటరిగా వదలొద్దు. 14416కు ఫోను చేస్తే మనసు సంగతి తెలిసినవాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. పిల్లలకు ఆపద అయితే 1098. రెండూ ఉచితం. ఈ రెండు నెంబర్లు గోడ మీద బొగ్గుతో రాసుకోండి.

అంబేద్కర్ చిన్నప్పుడు బళ్లో గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు. నీళ్లు పోసే బంట్రోతు రాని రోజు దప్పికతోనే ఇంటికొచ్చాడు. ఆ బిడ్డ గొప్పవాడయ్యాడు గాబట్టి మనం ఆ కథ చెప్పుకుంటున్నాం. ఆ దప్పికతోనే బడి మానేసిన పిల్లలు ఎంతమందో, వాళ్ల కథ చెప్పేవాళ్లు లేరు. అవమానం తట్టుకున్నవాళ్లే చదువుకోవాలనే రూలు మనం ఒప్పుకోగూడదు.

మళ్లీ ఆ పిల్ల దగ్గరికొస్తాను. నిన్న సాయంత్రం నేను ఆమెతో కూర్చున్నాను. బడి గురించి ఏమీ అడగలేదు. చాలాసేపటికి తనే ఒక మాట అన్నది: "టీచరమ్మా, చదువంటే ఇష్టమే. ఆ వరసలో నిలబడటమే ఇష్టం లేదు." ఏ వరసో నేను అడగలేదు. నాకు తెలుసు.

సోమవారం ఆమెను ఒంటరిగా పంపం. వాళ్లమ్మ, ఇంకో ఇద్దరు తల్లులు, నేను కలిసి పోతాం. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌తో మర్యాదగా మాట్లాడతాం. ఈ నాలుగు మాటలు కాగితం మీద పెట్టి, అందినట్టు సంతకం తీసుకుంటాం. వినకపోతే కరస్పాండెంట్ దగ్గరికి, ఆపైన బిషప్పు దగ్గరికి పోతాం. అంతా అయినాక కూడా ఆ పిల్ల అక్కడ ఉండనంటే ఆమె మాటే చెల్లుతుంది. ఇంకో బళ్లో చేర్పిద్దాం. తండ్రికి ఆ మాట చెప్పే పని సంఘం తమ్ముళ్లది.

ఆ ఇద్దరు తల్లులు ఎవరో చేతులెత్తండి.

జై భీమ్!