తన మీద తనకు దయ



ఆటిజం చరిత్రని 1943లో అమెరికాలో లియో కానర్ రాసిన వ్యాసంతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆయన వర్ణించిన 11 మంది పిల్లల్లో ఆడపిల్లలు ముగ్గురే. మరుసటి ఏడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ వివరంగా రాసిన నలుగురూ మగపిల్లలే. అంతకు చాలా ముందు, 1920లలోనే, మాస్కోలో గ్రూన్యా సుఖరేవా అనే వైద్యురాలు ఇలాంటి పిల్లల గురించి రాశారు. ఆడపిల్లల గురించి కూడా రాశారు. ఆమె పేరు దశాబ్దాల పాటు పెద్దగా ఎవరూ తలవలేదు. ఇది మనకి కొత్తేమీ కాదనుకోండి.

మగపిల్లల్ని చూసి తయారుచేసిన కొలబద్దతోనే ఆడపిల్లల్నీ కొలిచారు. అందులో ఇమడనివాళ్లు లెక్కలోకే రాలేదు. వాళ్లకి ఆటిజం అన్న పేరు దొరకలేదు గానీ వేరే పేర్లు చాలానే దొరికాయి: పొగరుబోతు, తిక్కది, నలుగురిలో కలవనిది. పెళ్లింట్లో మేళాల మోత భరించలేక వెనక గదిలో తలుపేసుకుంటే అత్తింటివాళ్లని అవమానించినట్టే. మగపిల్లాడు ముభావంగా ఉంటే ‘వాడి లోకం వాడిది’ అని ఊరుకుంటాం. ఆడపిల్లకి ఆ వెసులుబాటు లేదు. అందుకే ఎప్పుడు నవ్వాలో, ఎవరిని ఏం పలకరించాలో బట్టీ పట్టి అప్పజెబుతుంది. పరిశోధకులు దీన్ని ముసుగు అంటున్నారు. సాయంత్రానికి ఒంట్లో సత్తువ మిగలదు.

ఏ నలభయ్యో ఏటో, తరచుగా తన బిడ్డకి పరీక్షలు చేయించే సందర్భంలో, అసలు సంగతి తెలుస్తుంది. ముందు ఊరట. ఆ వెంటనే ఇన్నేళ్లూ నన్ను నేను తిట్టుకున్నానే అన్న దుఃఖం.

క్రిస్టిన్ నెఫ్ అనే అమెరికా మనస్తత్వవేత్త, ఆటిజం ఉన్న కొడుకు తల్లి, 2003లో స్వీయకరుణని మూడు పాయలుగా వివరించారు: తనతో తాను దయగా ఉండటం, కష్టంలో తాను ఒంటరి కాదని గ్రహించడం, బాధని దాచకుండా, పెంచకుండా చూడగలగడం. నా ఉద్దేశంలో రెండోదే ఈ స్త్రీలకి కష్టం. నువ్వు అందరిలాంటిదానివి కావని జీవితమంతా విన్న మనిషి, నీ కష్టం కూడా అందరి కష్టమే అంటే ఎలా నమ్ముతుంది? తనలాంటి మరో స్త్రీ ఎదురుపడితే నమ్ముతుంది. మహిళా బృందాలు చేస్తూ వచ్చిన పని అదే కదా.

అయితే నాకో భయం. ఇంట్లో, ఆఫీసులో ఏదీ మారదు, ఆమె మాత్రం రోజూ పది నిమిషాలు తన మీద దయ చూపించుకోవాలి! సర్దుకుపోవడానికి ఇది కొత్త పేరవుతుంది. తన మీద దయ అంటే పెళ్లి నుంచి అరగంటలో వచ్చేయగలగడం, ఆఫీసులో మోత లేని మూల అడగగలగడం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. సహేతుకమైన ఏర్పాట్లు నిరాకరించడం ఆ చట్టం దృష్టిలో వివక్షే.

కానీ ఆ చట్టం దాకా వెళ్లాలంటే ముందు డాక్టరు నమ్మాలి. అక్కడా ఆమె అలవాటు కొద్దీ ముసుగేసుకునే మాట్లాడుతుంది. ‘చక్కగా మాట్లాడుతున్నావుగా’ అని పంపేస్తారు. చిన్ననాటి సంగతులు అడుగుతారు. చెప్పాల్సిన తల్లేమో ‘మా అమ్మాయికేం, బంగారం’ అంటుంది. కాబట్టి ఆమె వెంట వెళ్లేవాళ్లం ముందు ఆ తల్లితో కూర్చోవాలి.