మారిన వేషము, మారని నాలుక

(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



నలచరిత్రము నెరుగని ఇల్లు తెలుగునాట అరుదు. కర్కోటకుని కాటుచే రూపము చెడి, బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువులో దాగియున్న భర్తను దమయంతి ఎట్లు పోల్చుకొనెను? ముఖము చూచి కాదు. చెలికత్తెయగు కేశినిచే అతడు వండిన మాంసమును తెప్పించి, రుచి చూచి పోల్చుకొనెను. ఒడలంతయు మార్చిన పాము విషము చేతివంటను మాత్రము మార్చలేకపోయినది. విరటుని కొలువులో భీముడు తలదాచుకొన్నదియు వంటశాలలోనే. వంటవారి వేషమున రహస్యముగా మనుష్యులను నియోగించు ఉపాయమును కౌటిల్యుడు అర్థశాస్త్రమున చెప్పియున్నాడు. వేగునకును వంటకును గల చుట్టరికము నేటిది కాదు.

ఈ చుట్టరికమును తలపించు ఆంగ్ల గ్రంథములు మూడు ఇటీవల పఠింపబడినవి. ఈ గ్రంథాలయ సభ్యులకు వానిని పరిచయము చేయుటయే ఈ ప్రసంగమునకు పని. రెండు గూఢచారుల యథార్థ చరిత్రలు; మూడవది పరదేశపు తిండిని సాహసముతో తిన్న ఒక స్త్రీ స్వీయకథ. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్ నవలలను రాత్రి దీపము మలపక చదివినవారికి మొదటి రెండును రుచించును. భేదమొక్కటే: ఇందు నాయకుడు గెలిచి తీరునను భరోసా లేదు.

మొదటిది శ్రాబణి బసు 2006లో ప్రకటించిన ‘స్పై ప్రిన్సెస్’. ఇది నూర్ ఇనాయత్ ఖాన్ చరిత్ర. ఆమె తండ్రి ఇనాయత్ ఖాన్ టిప్పు సుల్తాను వంశీకుడు, సంగీత విద్వాంసుడు. యౌవనమున హైదరాబాదులో నివసించి, అచ్చటనే సూఫీ గురువును పొందినవాడు. నూర్ 1914లో మాస్కోలో పుట్టి పారిస్ చెంత పెరిగెను. జాతక కథలను పిల్లలకొరకు ఆంగ్లమున చెప్పి 1939లో పుస్తకముగా వెలువరించిన మృదుస్వభావ. అట్టి పిల్ల 1943 జూనులో రహస్య నామముతో, వైర్‌లెస్ యంత్రము నడుపుటకై, జర్మనుల వశమైన ఫ్రాన్సులో దిగెను.

అచ్చట ఒక ఇంట తేనీరు పోయుచు ఆమె కప్పులో ముందుగా పాలు వంచినదట. అది ఇంగ్లండు అలవాటు. చూచినవారు మిత్రులు కనుక మందలించి ఊరకుండిరి. శత్రువైనచో ఆ చెంచాడు పాలే ప్రాణము తీసియుండును. భాష ఆమెకు బాల్యమునుండి వచ్చినదే, దొంగ కాగితములును సిద్ధముగా నున్నవి, కాని చేయి తన వాడుకను మరువలేదు. తోడివారు వరుసగా పట్టువడుచుండగా తిరిగి రమ్మని పిలుపు వచ్చినను ఆమె పోలేదు. అక్టోబరులో పట్టువడెను. చెరలో సంకెళ్ళు వేసినను రహస్యములను చెప్పలేదు. 1944 సెప్టెంబరు 13న డాఖౌలో కాల్చి చంపిరి. బ్రిటిషు ప్రభుత్వము 1949లో మరణానంతరము జార్జి క్రాస్ నిచ్చెను. రచయిత్రి ఈమెను దేవతగా నిలుపలేదు. పంపిన సందేశములను నూర్ ఒక పుస్తకమున వ్రాసి దాచియుంచుట, అది జర్మనులకు దొరకుట, దానివలన కలిగిన కీడు దాపరికము లేక చెప్పినది. ఈ గ్రంథమును నమ్మదగినదిగా చేయునది ఈ నిజాయితీయే.

రెండవది బెన్ మెకింటైర్ 2018లో వెలువరించిన ‘ది స్పై అండ్ ది ట్రైటర్’. ఒలేగ్ గోర్డియెవ్‌స్కీ సోవియట్ గూఢచారి సంస్థయగు కె.జి.బి.లో కర్నలు, 1974 నుండి బ్రిటనుకు రహస్యముగా పనిచేసినవాడు. 1985 మే నెలలో అతనిని మాస్కోకు పిలిపించి, ఊరి వెలుపలి విడిదిలో విందు పెట్టిరి. రొట్టెలు, ఆర్మీనియా బ్రాందీ. ఆ బ్రాందీలో మందు కలిసినది. తెలివి తప్పుచున్న స్థితిలో ప్రశ్నలు వేసిరి, అతడు ఒప్పుకొనలేదు. కౌటిల్యుడు చూచినచో పాత పాఠమే అని నవ్వియుండును.

పారిపోవుటకు పెట్టుకొన్న గుర్తును గూడ చెప్పవలెను. మాస్కోలో ఒక రొట్టెల దుకాణము కడ, మంగళవారము సాయంకాలము, అతడు ఒక ఇంగ్లీషు అంగడి సంచి పట్టుకొని నిలువవలెను. చాకొలెట్టు కొరుకుచు ఒక ఆంగ్లేయుడు ఎదురుగా నడచిపోయి కన్ను కలిపినచో సందేశము అందినట్లు. అట్లే జరిగినది. జూలైలో కారు వెనుక పెట్టెలో ముడుచుకొని అతడు ఫిన్‌లండు సరిహద్దు చేరెను. కాపలా కుక్కలు వాసన పట్టునేమో యని వెంటవచ్చిన స్త్రీలలో ఒకరు వానికి ఉల్లివాసన గల బంగాళాదుంప చిప్సు పెట్టిరి. మరొకరు ఆ పెట్టె మీదనే పసిబిడ్డ గుడ్డలు మార్చిరి! కల్పనాకారుడు వ్రాసినచో ఎవ్వరును నమ్మరు.

అయినను ఈ పుస్తకమున మరువరానిది పలాయనము కాదు. భార్యను, ఇద్దరు కుమార్తెలను చెప్పక విడిచి వచ్చినాడు. ఆరేండ్లకు, 1991లో, వారు ఇంగ్లండు చేరిరి గాని ఆ కాపురము నిలువలేదు. మరణశిక్ష తలపై నుండగా అతడు ఆ దేశముననే కాపుదలలో బ్రతికి 2025లో కన్నుమూసెను. దేశద్రోహియా, లోకోపకారియా? గ్రంథకర్త రెండవ పక్షమున నిలిచినాడు. పిల్లల పక్షమున నిలిచి చదువువారికి తీర్పు అంత సులభము కాదు.

ఇక ఫ్యూషా డన్‌లప్ 2008లో ప్రకటించిన ‘షార్క్స్ ఫిన్ అండ్ సిచువాన్ పెప్పర్’. ఈమె 1994లో చదువు నిమిత్తము చైనాలోని చెంగ్డు నగరమునకు పోయి, చదువు మాని వంట నేర్చెను. ఏది పెట్టినను తినవలెనని నియమము పెట్టుకొనెను. నల్లబడిన ఊరవేసిన గ్రుడ్డు, నాలుక తిమ్మిరెక్కించు సిచువాన్ మిరియము, కుందేటి తల! రుచి త్వరలోనే అలవడినదట. జిగురుగాను రబ్బరువలెను నుండు ప్రేగులను పంటిక్రింద ఇష్టపడుటకే ఏండ్లు పట్టినవట. ఇది ఎంతయు సూక్ష్మమైన మాట. గూఢచారికి ఏండ్ల శిక్షణలో చేతగాని మార్పు ఈమెకు భోజనముచే కలిగినది. తుదకు ఆక్స్‌ఫర్డులో తల్లిదండ్రుల ఇంట, తోటకూరలతో బాటు ఉడికివచ్చిన గొంగళిపురుగు పళ్ళెములో కనబడగా, కొంత ఆలోచించి తిన్నది. సొరచేప రెక్కల విషయమున మాత్రము ఆమెకు మనస్సాక్షి అడ్డువచ్చినది. ఆ ప్రకరణమును దాటవేయరాదు.

పురుగనగానే ముక్కు మూసికొనువారికి ఒక మనవి. తొలకరి రాత్రి దీపమునకు మూగిన ఉసిళ్ళను పట్టి, వేయించి తినువారు తెలుగు జిల్లాలలోనే గలరు. జిహ్వకొక రుచి.

ఆంగ్లము చదువగలవారు సాయంకాలము ఒక్కొక్క ప్రకరణమును తెలుగున చెప్పుచుండినచో మిగిలినవారికిని ఇవి అందును. నూర్ కథతో మొదలిడుట మేలు. గోర్డియెవ్‌స్కీ కథను నడుమ ఆపరాదు. సరిహద్దు ఘట్టము నాటికి రెండు లాంతరుల చమురు సిద్ధముగా నుంచుకొనవలెను. డన్‌లప్ పుస్తకమును భోజనమునకు ముందు చదువవలెనా, తరువాత చదువవలెనా యనుట ఎవరి కడుపును బట్టి వారు నిర్ణయించుకొనవలెను. శాకాహారులు కుందేటి తల పుటలను త్రిప్పివేసినను కథకు లోటు రాదు.