యంత్రాలు అడిగినవాళ్ల దగ్గరికే పోతాయి

(కాసిపేట మండల రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాద్‌లోని హైటెక్స్‌లో కొన్నేళ్లుగా సెప్టెంబర్ నెలలో ప్రయోగశాల పరికరాల ప్రదర్శన, దాంతోపాటు విశ్లేషణ రసాయన శాస్త్ర సదస్సులు జరుగుతున్నాయి. జర్మనీలోని మ్యూనిచ్‌లో రెండేళ్లకోసారి జరిగే ‘అనలిటికా’ పేరు మీదనే ఇక్కడా నడుస్తున్నాయి. ఒక పదార్థంలో ఏమున్నది, ఎంత ఉన్నదని కొలిచి చెప్పేదే ఈ శాస్త్రం. పత్తి, వరి వేసుకునే మనకు దీనితో ఏం పని అని కొందరు అడిగారు. చాలా పని ఉన్నది. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

అసలు ఈ శాస్త్రం పెరిగిందే పొలం పక్కన. మట్టిలో, గింజలో నత్రజని ఎంతో కొలిచే పద్ధతిని 1883లో డెన్మార్క్ శాస్త్రవేత్త కెల్డాల్ కనిపెట్టాడు. ఆయన పనిచేసింది ఒక బీరు కంపెనీ ల్యాబులో, కొలవాలనుకున్నది బార్లీ గింజను. 1955లో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ లోహాలను కొలిచే ‘అటామిక్ అబ్సార్ప్షన్’ పద్ధతిని ప్రకటించాడు. మూడేళ్లు తిరగకముందే దానితో మొక్కల్లో జింకు కొలిచారు. ఇవాళ మన మట్టిలో జింకు తక్కువని చెప్పే యంత్రం అదే.

ఇప్పటి యంత్రాలు ఇంకా ముందుకు పోయాయి. పదివేల క్వింటాళ్ల వడ్ల రాశిలో ఒక్క కిలో వేరే గింజ కలిస్తే, అది పది లక్షల్లో ఒక పాలు. ఒక్క గ్రామే కలిస్తే వంద కోట్లలో ఒక పాలు. ఆ ఒక్క గ్రామును కూడా పట్టుకునే యంత్రాలను ఆ ప్రదర్శనల్లో పెడతారు.

మరి అవి ఎవరి కోసం? హైదరాబాద్ మందుల కంపెనీల ఊరు కాబట్టి సదస్సుల్లో ఎక్కువ మాట మందుల గురించే. 2018లో బీపీకి వాడే వల్సార్టాన్ మందులో క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న మలినం దొరికింది. దేశదేశాల మందుల నియంత్రణ సంస్థలు పరిమితులు పెట్టి, కొలిచి చూపమన్నాయి. కంపెనీలు కొలవక తప్పలేదు. ఇందులో మనం నేర్చుకోవలసింది ఒకటే: కొలత చూపమని గట్టిగా అడిగేవాడు ఉన్నచోటికే యంత్రం పోతుంది. మన మట్టి గురించి, మన నీళ్ల గురించి ఎవరు అడుగుతున్నారు?

2015 ఫిబ్రవరి 19న మొదలైన భూసార కార్డుల పథకంలో 12 అంశాలు చూస్తారు. అది మంచి పనే. అయితే పథకం పెట్టినప్పుడు నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు, వర్షాధార భూమిలో పది హెక్టార్లకు ఒక నమూనా అన్నారు. అంటే దాదాపు 25 ఎకరాల చెలకకు ఒకే లెక్క. ఆ 12లో సీసం, ఆర్సెనిక్, కాడ్మియం లేవు. మనం ఉన్నది బొగ్గు బాయిల నడుమ. బొగ్గు కాలిన బూడిదలో ఆర్సెనిక్, సీసం, బోరాన్ కొద్దికొద్దిగా ఉంటాయి. అవి మన చేనుకు చేరాయా లేదా అన్నది కంటికి తెలియదు, కొలిస్తేనే తెలుస్తుంది. నీళ్లు మంచివని తేలినా మనకు లాభమే, ధైర్యంగా పారించుకోవచ్చు.

చట్టం కూడా అంకెల్లోనే మాట్లాడుతుంది. తాగే నీళ్లలో ఆర్సెనిక్, సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు. బొగ్గు గనులు బయటికి వదిలే నీళ్లకు 2000లో కేంద్రం పరిమితులు పెట్టింది. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం అనుమతి పొందిన ప్రాజెక్టు ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి, అది ప్రజలు చూడగలిగే పత్రం. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది. ‘పంట పాడైంది’ అన్న దరఖాస్తును పక్కన పెట్టడం తేలిక. అంకె ఉన్న కాగితాన్ని పక్కన పెట్టాలంటే దానికి జవాబు రాయాలి.

ఆ అంకె నిలబడాలంటే నమూనా సరిగ్గా తీయాలి. మట్టికైతే గట్లు, పెంటకుప్పలు, చెట్ల నీడ వదిలిపెట్టి, చేనులో వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల జానెడు లోతు తవ్వి తీయాలి. ఎరువుల సంచి మీద పోయకూడదు. జింకు, ఇనుము చూడాలంటే తుప్పు పట్టిన పార వద్దు, వెదురు బద్దతో గీకి తీయండి. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలో మిగిల్చి నీడలో ఆరబెట్టండి. బోరు నీళ్లైతే పది నిమిషాలు పోనిచ్చి, సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపండి. వాగు నీళ్లైతే కాలువ కలిసే చోటుకు పైన ఒకటి, కింద ఒకటి తీయండి. పోల్చడానికి రెండూ ఉండాలి. తేదీ, సర్వే నంబరు రాసి ఇద్దరితో సంతకం చేయించండి. కోర్టుకో కలెక్టరుకో చూపాలంటే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబు రిపోర్టే మేలు.

సంఘం తరఫున మన డిమాండ్లు మూడు. ఒకటి, భూసార పరీక్షా కేంద్రాల్లో యంత్రాలతో పాటు వాటిని నడిపే సిబ్బందినీ నియమించాలి. రెండు, గనుల చుట్టుపక్కల ఊళ్లలో వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నీళ్లు, మట్టి పరీక్షించి ఫలితాలను తెలుగులో గ్రామ పంచాయతీ గోడ మీద పెట్టాలి. మూడు, హైదరాబాద్ సదస్సుల్లో మట్టి, సాగునీటి మీద ఒక పూట కేటాయించాలి. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు రైతుల ప్రశ్నలను అక్కడికి తీసుకుపోవాలి.

ఈసారి సదస్సు తేదీలు ప్రకటించగానే నిర్వాహకులకు ఉత్తరం రాస్తాం. ఆ ఉత్తరంతో పాటు మన ఊళ్ల ప్రశ్నలు పోవాలి. మీ బావి నీళ్లలో, మీ చేను మట్టిలో ఏం తెలుసుకోవాలో ఒక్కో ఊరి కమిటీ రాసి సంఘానికి పంపండి. విత్తనం పెట్టకముందే మట్టి నమూనాలు తీద్దాం.