‘మోసగాళ్ళకు మోసగాడు’ – బలమూ, బలహీనతా

(మన సంఘం పాతబస్తీ శాఖ గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి గోష్ఠిలో ఒక మిత్రులు, “కృష్ణగారి కౌబాయ్ సినిమా ఇంగ్లీషువాళ్ళ కాపీ, దాని గురించి చెప్పుకోవడానికేముంది?” అన్నారు. ఆయనకు జవాబుగానే ఈ నాలుగు ముక్కలు.

1971 ఆగస్టు 27న విడుదలైన ఈ చిత్రం పద్మాలయా వారి రెండో ప్రయత్నం. మొదటిదైన ‘అగ్నిపరీక్ష’ ఆడలేదు. అటువంటి దెబ్బ తిన్నవారు ఒక కుటుంబ కథ తీసుకుని, ఇంటి సెట్టు వేసి గట్టెక్కాలని చూస్తారు. వీరు మాత్రం రాజస్థాన్ ఎడారికి వెళ్ళి రంగుల్లో తీశారు. ఖర్చు 7 లక్షలంటారు. పెన్షను లెక్కలు చూసుకునే మనకు ఆ తెగింపు విలువ తెలుస్తుంది!

కాపీ మాట కాదనను. 1966 నాటి ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ ఛాయలు కనబడుతూనే ఉంటాయి. కాని ఆ చిత్రం తీసిన సెర్జియో లియోనీ కూడా, 1964లో జపాను దర్శకుడు కురొసావా ‘యొజింబో’ను అనుసరించి సినిమా తీసి తగాదాలో పడ్డవాడే. అరువు తెచ్చినదాన్ని ఏం చేశారన్నదే చూడాలి. ఆరుద్రగారు కథను ఇంగ్లీషు పాలన నాటి మన దేశంలో నిలిపారు. నాగభూషణంగారి నక్కజిత్తుల నాగన్న అచ్చంగా మన సంతలో కనిపించే మనిషి. నవ్విస్తూనే జేబు కత్తిరిస్తాడు. ఇక వి.ఎస్.ఆర్. స్వామిగారి కెమెరా ఉంది. సెట్లకు డబ్బు లేనిచోట ఇసుక, ఎండ, గుర్రాల దుమ్ము ఆ లోటు కనబడనీయలేదు.

లోపాలూ లేకపోలేదు. వేట ఊపందుకునే సమయానికి పాట వచ్చి గుర్రాన్ని కట్టేస్తుంది. తెల్లదొరల కాలమన్నది పేరుకే మిగిలింది. దుస్తులు చూస్తే టెక్సాసు, మాట వింటే తెనాలి! జట్కాల మధ్య పెరిగిన మన పాతబస్తీవారికి ఆ టోపీలు వింతగానే తోచాయి. నాకు అన్నిటికన్నా పెద్ద లోటుగా తోచేది వేరొకటి. ఫలక్‌నుమా నుంచి గోల్కొండ దాకా ఇన్ని రాతిగుట్టలుండగా, మన నేలను వాడుకోలేదు. 1975లో ‘షోలే’ వారు బెంగుళూరు దగ్గర రామనగరం బండల్లో చేసి చూపించిన పని అదే.

2022 నవంబరులో కృష్ణగారు కన్నుమూశారు. మరుసటి మే 31న, ఆయన పుట్టినరోజుకు, ఈ చిత్రాన్ని కొత్త హంగులతో మళ్ళీ విడుదల చేశారు. మా మనవడు వెళ్ళి చూసి, “తాతయ్యా, గ్రాఫిక్స్ లేకుండా గుర్రాలను అలా ఎలా పరుగెత్తించారు?” అని అడిగాడు. పాటల మాట మాత్రం ఎత్తలేదు.

వచ్చే గోష్ఠిలో ఈ చిత్రం వేయించవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను. కాపీ అన్న మిత్రులకు ముందు వరస కుర్చీ కేటాయించాలి. సెలవు.