ఆంగ్లరచనలో నిర్దుష్టత: విద్యార్థి సొంత వాక్యము
(స్మారకోపన్యాసము, ఇబ్రహీంపట్నం)

ఏ ఉపాధ్యాయుని స్మృత్యర్థము ఈ ఉపన్యాసమేర్పడినదో, ఆయన జీవితములో అధికభాగము విద్యార్థుల వ్రాతప్రతులను దిద్దుటలోనే గడచినది. కావున విశ్వవిద్యాలయ విద్యార్థుల ఆంగ్లరచనయందలి నిర్దుష్టతనే నేటి ప్రసంగమునకు విషయముగా గైకొంటిని.

ఈ ఊరి పేరును, ఊరి పెద్దచెరువును గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షాతో ముడిపెట్టి చెప్పుట పరిపాటి. 1550లో సింహాసనమెక్కుటకు పూర్వము ఆయన సుమారు ఏడేండ్లు విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయములో నుండెను. రాజయిన పిమ్మట తెలుగు కవులను చేరదీయగా, వారాయనను మల్కిభరాముడని తమ భాషలోనికి పిలుచుకొనిరి; అద్దంకి గంగాధరుడు తపతీసంవరణోపాఖ్యానము నాయనకే అంకితమొసగెను. పారసీక సంస్కారములో పెరిగిన ప్రభువునకు తెలుగుపై ఆ మక్కువ బలపడుటకు రామరాయల కొలువులోని సహవాసము తోడ్పడెనని చెప్పుదురు. పరభాషను వినుచు, అందే తన అవసరములు తీర్చుకొనుచు, తాను చెప్పదలచినది చెప్పుటకు పెనుగులాడుచు గడపిన కాలమే ఎవ్వనికైనను ఆ భాషను వశపరచును. ఈ సత్యమును మన తరగతిగదులు మరచినవని నా ఆవేదన.

నేడు నాగార్జునసాగరు రహదారి వెంట, మంగళ్‌పల్లి మొదలు షేరిగూడ దాక, ఇంజనీరింగు కళాశాలలు వెలసియున్నవి. యాచారం, మంచాల మండలములనుండియు, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలనుండియు బస్సులలో వచ్చు పిల్లలలో పదవతరగతి వరకు తెలుగు మాధ్యమములో చదివినవారు తక్కువ కాదు. సెక్షనుకు అరువదిమంది, ఆంగ్లపాఠము ప్రధానముగా మొదటి సంవత్సరమునకే పరిమితము, ఆపైన మూడవ యేట భాషాప్రయోగశాల. ఈ కొద్దిపాటి వ్యవధిలో వీరికి వ్రాత రాలేదని ప్లేస్‌మెంటుల కాలమున అందరును వగచెదరు.

కాని వీరు ఆంగ్లమున వ్రాయకున్నారా? లెక్కలేనన్ని పుటలు వ్రాయుచున్నారు. వారము వారము ల్యాబు రికార్డు నింపుదురు, అసైన్‌మెంట్లు సమర్పింతురు, పరీక్షలో మూడు గంటలపాటు కలమెత్తకుండ వ్రాయుదురు. అయితే ఆ రికార్డు పై తరగతివారి రికార్డునుండి దిగినది. ఆ అసైన్‌మెంటు స్నేహితుని ప్రతికి ప్రతి. ఆ జవాబు ఆల్ ఇన్ వన్ గైడులోనిది, కంఠస్థము చేసినది. నాలుగేండ్లలో ఒక విద్యార్థి తనంతట తాను కూర్చుకొన్న ఆంగ్లవాక్యములను ఏరి చూడబోయిన, అవి ఒక చిన్న నోటుపుస్తకమునకైన చాలునా యని నాకు సందేహము. ఎత్తివ్రాసిన పుటలో తప్పుండదు. అది నిర్దుష్టతయు కాదు. తన తలపును తన మాటలలో పెట్టబోయినవానికే తప్పు దొరలును, వానికే దిద్దుబాటు పనికివచ్చును.

ఆ తప్పుల స్వభావమును కొంత నిదానించి చూడవలెను. తెలుగు నామవాచకమునకు ముందు ఆర్టికిలు వంటిది లేదు. ఏ తీగె, ఏ బ్యాటరీ యన్నది సందర్భమే తెలుపును. కనుక ప్రయోగమును వర్ణించు బాలుడు ‘ఐ కనెక్టెడ్ వైర్ టు బ్యాటరీ’ అని వ్రాయుట అజ్ఞానము కాదు, మాతృభాషలో సక్రమమైన ఆలోచనయే. ‘గురించి చర్చించు’ అలవాటునుండి ‘డిస్కస్ అబౌట్’ పుట్టినది. ఇవి సులభముగ బోధపడునవి. ‘షీ గో టు కాలేజ్’ అను తప్పు మాత్రము నన్ను చిరకాలము ఆలోచింపజేసినది. కర్తను బట్టి క్రియ మారుట మనకు కొత్తయా? వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాను అని తెలుగుబిడ్డ బడికి పోకముందే తప్పులేక పలుకును. ఇన్ని రూపములు నడపగలవానికి ఆంగ్లములోని ఒక్క ‘ఎస్’ చిక్కకపోవుటకు హేతువేమనగా, తెలుగులో క్రియ చివరి ప్రత్యయమే మాటాడుచున్నది ఎవరిని గూర్చియో చెప్పి, కర్తను విడిచినను వాక్యమును నిలుపును. ఆంగ్లమున ‘షీ’ అన్నంతనే అర్థము తెలిసిపోవగా ‘ఎస్’ చేయు పని విద్యార్థికి కానరాదు. పని లేదని తోచిన అక్షరమును చేయి విడిచిపెట్టును. సూత్రము నూరుమారులు వల్లించినను ఈ కొరత తీరకపోవుటకు కారణమిదేయని నా నిశ్చయము.

తప్పును దోషముగ గాక, అభ్యాసకుని మనస్సులో రూపొందుచున్న వ్యవస్థకు సాక్ష్యముగ చూడవలెనని భాషాశాస్త్రజ్ఞుడు పిట్ కార్డర్ 1967లో ప్రతిపాదించెను. ఆ మధ్యంతర వ్యవస్థకు సెలింకర్ 1972లో పేరుపెట్టెను. ఇంతవరకు వివాదము తక్కువ. వివాదమంతయు ఎర్రసిరా దగ్గర వచ్చినది. వ్యాకరణదోషములను దిద్దుట నిష్ఫలము, పైపెచ్చు హానికరమని జాన్ ట్రస్కాట్ 1996లో వాదింపగా, డానా ఫెర్రిస్ 1999లో దానిని ఖండించెను. తరువాత న్యూజిలాండులో బిచనర్ 75 మంది విద్యార్థులకు ఆంగ్ల ఆర్టికిళ్ల ప్రయోగములు రెండింటిని మాత్రమే ఎంచుకొని దిద్ది చూపగా, దిద్దుబాటు పొందినవారు రెండు నెలల పిమ్మట కూడ పొందనివారికంటె మేలుగ వ్రాసిరి. అన్నిటిని దిద్దుట వేరు, ఒక్కదానిని పట్టుకొని దిద్దుట వేరు అని దీనినుండి నేను గ్రహించితిని. మన లెక్కయు దీనినే బలపరచుచున్నది: పుటకు పది నిమిషములు చొప్పున అరువది పుటలకు పది గంటలు, ఉపాధ్యాయునికి మూడు సెక్షనులున్న ముప్పది గంటలు. అంత శ్రమకోర్చి పుటనిండ ఎరుపు చేసి ఇచ్చినను, విద్యార్థి మార్కు చూచి మడిచి సంచిలో వేసికొనును.

మన దేశములోనే, 1979 మొదలు 1984 వరకు, ఎన్.ఎస్. ప్రభు దక్షిణాది పాఠశాలలలో జరిపిన ప్రయోగము ఈ సందర్భమున స్మరణీయము. బెంగుళూరు ప్రాజెక్టుగ పేరొందిన ఆ ప్రయోగమందు వ్యాకరణపాఠములు లేవు. పటము చూచి దారి చెప్పుట, రైళ్ల కాలపట్టిక చూచి ప్రయాణము నిర్ణయించుట వంటి పనులుండెను. మనస్సు అర్థముపై లగ్నమైయుండగా వ్యాకరణము లోలోపల కుదురుకొనునని ఆయన నమ్మిక. ఆ నమ్మికను నేను పూర్తిగ అంగీకరింపను. ‘షీ గో’ వంటి తప్పు అర్థమునకు భంగము కలిగింపదు కనుకనే అది తనంతట పోదు, ఒకరు వ్రేలు పెట్టి చూపవలెను. అయినను చూపుటకు ముందు ఆ పిల్లవానికి చెప్పవలసినది ఒకటి యుండవలెనన్న మాటలో ప్రభువారితో నేను ఏకీభవింతును. ఆంగ్లోపాధ్యాయుల శిక్షణకై 1958లో నెలకొల్పబడి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్థ మన హైదరాబాదులోనే యున్నది. విజ్ఞానము గడపలోనే యుండగా మన తరగతులకు అది చేరక పోవుట విచారకరము.

కావున నేను కోరునది స్వల్పము. వారమునకు అరపుట, విద్యార్థి తాను చూచినదానిని గూర్చి వ్రాయవలెను: ల్యాబులో తన ప్రయోగము ఎచట చెడినదో, తన ఊరి బోరుబావి మోటారు ఏల కాలినదో, సాగరు రోడ్డు బస్సు ఎందుచేత ఆలస్యమైనదో. ఉపాధ్యాయుడు ఆ వారము ఒక్క జాతి దోషమునే, ఆర్టికిలునో, క్రియాంతమునో, గీత గీసి చూపవలెను. సవరణను తాను వ్రాయరాదు. విద్యార్థి దిద్దుకొని తిరిగి వ్రాసిన రెండవ ప్రతికే మార్కులు పడవలెను. ల్యాబు రికార్డులో పరిశీలనలు, ఫలితములు అను రెండు భాగములనైనను ఎత్తివ్రాయుట మాన్పించి, విద్యార్థి మాటలలోనే, ఎంత వంకరగ నున్నను, స్వీకరించుటకు శాస్త్రోపాధ్యాయులు సమ్మతింపవలెను; ఆంగ్లశాఖ ఒక్కటే మోయు భారము కాదిది. పుటకు పది నిమిషములు పట్టినది ఈ పద్ధతిలో రెండు మూడు నిమిషములకు దిగును, అయినను సెక్షనుకు వారమునకు రెండు మూడు గంటలు తప్పవు. ఆ గంటలను ఉపాధ్యాయుని సొంత రాత్రులనుండి తీయక, కాలపట్టికలో బోధనాకాలముగ లెక్కించి చూపవలసినదిగా ఈ సభయందున్న యాజమాన్య ప్రతినిధులను ప్రార్థించుచున్నాను.