గాజునార రెక్కలు



ఇంజను లేని విమానం గ్లైడర్. గాలినే నమ్ముకొని ఎగిరే ఆ వాహనానికి రెక్క ఎంత నునుపుగా ఉంటే ప్రయాణం అంత దూరం సాగుతుంది. ఈ చిన్న సత్యమే ఫైబర్‌గ్లాస్ గ్లైడర్ పుట్టుకకు మూలమయింది.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీలో విమానయానంపై నిషేధం అమలయింది. 1951లో గ్లైడర్ల మేరకు అది తొలగింది. ఆ సంవత్సరమే స్టుట్‌గార్ట్‌లోని విద్యార్థి వైమానిక బృందంలో హెర్మన్ నేగెలె, రిచర్డ్ ఎప్లర్ అనే యువకులు ఒకే ఆసనం గల గ్లైడర్‌కు రూపకల్పన ఆరంభించారు. గాలి పొరలు చెదరకుండా జారిపోయే రెక్క ఆకృతిని ఎప్లర్ గణితం ద్వారా సాధించాడు.

అయితే కాగితంపై కుదిరినది కలపలో కుదరలేదు. కలప రెక్కకు లోపల పక్కటెముకల వంటి చట్రం, పైన పలుచని ప్లైవుడ్ ఉంటాయి. తేమకు ఉబ్బి, ఎండకు బిగిసి, ఎముకకూ ఎముకకూ నడుమ ఆ ప్లైవుడ్ కొద్దిగా కుంగుతుంది. గాలి పొర చెదరడానికి కంటికి ఆనని ఆ పల్లమే చాలు.

తేలికైన బాల్సా కర్రకు కాగితం అతికించాలని మొదట ఆలోచించారు. తరువాత రుడోల్ఫ్ లిండ్నర్ వారితో కలిశాడు. బోల్కోవ్ సంస్థ అండగా నిలిచింది. గాజునారను రెజిన్‌తో తడిపి, నున్నని అచ్చులో పరచి, రెండు పొరల నడుమ బాల్సాను ఇమిడ్చారు. దానితో రెక్క నునుపుదనం వడ్రంగి చిత్రికపై కాక, అచ్చుపై ఆధారపడింది. ఈ పదార్థం ఆకాశంలో ఎన్నేళ్లు మన్నుతుందో చెప్పగల అనుభవం నాడు ఎవరికీ లేదు. అయినా వారు వెనుదీయలేదు.

1957 నవంబరు 27న ‘ఫీనిక్స్’ ఎగిరింది. బూడిద నుండి లేచే పక్షి పేరే దానికి పెట్టారు. రెక్కల విస్తారం 16 మీటర్లు. నిశ్చలమైన గాలిలో ఒక కిలోమీటరు ఎత్తు దిగేలోగా అది సుమారు 37 కిలోమీటర్లు సాగగలదు. తయారైనవి ఎనిమిదే అయినా, ఆ మార్గంలోనే 1964లో ఫీబస్, లిబెలె గ్లైడర్లు వెలువడ్డాయి.

ఆ కాలంలో మన దేశంలో కలపదే రాజ్యం. పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రంలో ఎస్. రామామృతం రూపొందించిన ఒంటి ఆసనపు గ్లైడర్ ‘కార్తీక్’ 1963లో ఎగిరింది. అదీ కలప నిర్మాణమే. ముప్పై ఏళ్ల తరువాత, 1993లో, బెంగళూరు జాతీయ వైమానిక ప్రయోగశాల రూపొందించిన శిక్షణ విమానం ‘హంస’ గాజునార దేహంతో గాలిలోకి లేచింది.

మిత్రులారా! స్టుట్‌గార్ట్ యువకులకు లెక్క ముందు తేలింది, పదార్థం తరువాత దొరికింది. పదార్థం లొంగలేదని వారు లెక్కను సడలించుకోలేదు; లెక్కకు తగిన పదార్థం కోసం ఆరేళ్లు శ్రమించారు. ప్రయోగశాలలో అడుగుపెట్టబోయే మీరు గుర్తుంచుకోదగినది ఆ ఓర్పునే.