కొండమీద కావలి కాచిన తల్లి

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: 2 సమూయేలు 21:1–14)

మీరు వంటింట్లో ఉన్నా, పొలం గట్టున ఉన్నా, జబ్బుతో మంచం మీద ఉన్నా, కొద్ది నిమిషములు దేవుని మాటకు చెవియొగ్గండి.

ముందుగా నా తప్పు ఒకటి మీ యెదుట ఒప్పుకుంటాను. కొంతకాలం క్రితం మా అబ్బాయి టీవీలో ఒక సిరీస్ పెట్టి ఇచ్చాడు. నిజంగా జరిగిన హత్యల కథ అది. ఒక్క ఎపిసోడ్ చూసి పడుకుందామనుకున్నాను. అది అయిపోగానే రెండవది దానంతటదే మొదలయ్యింది. అలా మూడు రాత్రులు, ఒక్కొక్క రాత్రి రెండు గంటల వరకు కూర్చున్నాను. నాలుగవ రోజున మా సంఘంలోని ఒక తల్లిని పరామర్శించడానికి వెళ్లాను. కొన్నేళ్ల క్రితం ఆమె కుమారుణ్ణి ఎవరో చంపివేశారు. కేసు ఇంకా తేలలేదు. ఆమె నన్ను ఒక్కటే అడిగింది: "అయ్యగారూ, మావాడి పేరు మీకు గుర్తుందా? ఈమధ్య ఎవ్వరూ వాడి పేరు ఎత్తడం లేదు."

పేరు చెప్పాను. కాని నా మనస్సాక్షి నన్ను గద్దించింది. మూడు రాత్రులు చూసిన కథలో హంతకుని పేరు నాకు గుర్తున్నది. అతని చిన్నతనం, అతని ఇల్లు, అతని నడక గుర్తున్నాయి. అతని చేతిలో చనిపోయినవారిలో ఒక్కరి పేరైనా నా నోటికి రాలేదు.

ప్రియులారా, ఇటువంటి వాటిని ట్రూ క్రైమ్ అని పిలుస్తారు. మన దేశంలో ఢిల్లీ బురారీ ఇంటిలో 2018లో జరిగిన 11 మరణాల మీద 2021లోను, కేరళలోని కూడతాయి మరణాల మీద 2023లోను నెట్‌ఫ్లిక్స్‌లో డాక్యుమెంటరీలు వచ్చాయి. అమెరికాలో జెఫ్రీ డామర్ అనే వ్యక్తి 1978 నుండి 1991 వరకు 17 మందిని చంపాడు. 2022లో అతని కథను నటులతో సిరీస్‌గా తీస్తే, మొదటి 60 రోజులలోనే లోకమంతట కలిసి వంద కోట్ల గంటలకు పైగా చూశారని ఆ సంస్థే ప్రకటించింది. అందులో, చనిపోయిన ఒక యువకుని సోదరి 1992లో కోర్టులో ఏడ్చి మాట్లాడిన మాటలను ఒక నటి చేత మళ్లీ పలికించారు. నన్ను ఎవ్వరూ ఒక్క మాట అడగలేదని ఆ సోదరి బహిరంగంగా చెప్పుకుంది. ఆ సంవత్సరమే హాలోవీన్ వేడుకలకు కొందరు ఆ హంతకుని వేషం కట్టుకొని వెళ్లారు. ఒక ఇంటి కన్నీరు మరొక ఇంటికి కాలక్షేపమయ్యింది.

"అయ్యగారూ, బైబిలులో మాత్రం హత్యలు లేవా?" అని మీరు అడగవచ్చు. ఉన్నాయి. పరిశుద్ధ గ్రంథం రక్తాన్ని దాచిపెట్టదు. కాని ఆదికాండము 4వ అధ్యాయములో మొదటి హత్య జరిగిన తరువాత దేవుడు ఏమి అడిగాడో గమనించండి. ఎలా చంపావని కయీనును అడగలేదు. మొదట హేబెలును గూర్చి అడిగాడు. చనిపోయినవాడి పేరెత్తి అడిగాడు.

ఇప్పుడు మన వాక్యభాగము చూడండి. సౌలు చేసిన దోషానికి అతని సంతతివారు ఏడుగురిని గిబియోనీయులకు అప్పగించారు. వారిని కొండమీద ఉరితీశారు. వారిలో ఇద్దరు రిస్పా కుమారులు. ఆ తల్లి ఏమి చేసింది? గోనెపట్ట తెచ్చి బండమీద పరచుకొని కూర్చున్నది. కోతలు మొదలైన నాటినుండి వాన పడేదాకా అక్కడే ఉన్నది. పగలు పక్షులను తోలింది, రాత్రి మృగాలను తరిమింది. తన బిడ్డలను మాత్రమే కాదు, ఏడుగురినీ కాచింది. ఆమె నోట ఒక్క మాట కూడా గ్రంథంలో లేదు. అయినా ఆ సంగతి దావీదు రాజు చెవిని పడింది. రాజు కదిలి, ఎముకలను పోగుచేయించి, గౌరవంగా సమాధి చేయించాడు.

ఆ కొండకు పక్షులూ వచ్చాయి, రిస్పా కూడా వచ్చింది. పక్షులు తినడానికి వచ్చాయి. రిస్పా కాచుకోవడానికి వచ్చింది. మనము తెర ముందు కూర్చున్నప్పుడు ఎవరివలె కూర్చున్నాము? నా ప్రశ్న ఇదే.

రిస్పావలె కూర్చున్నవారు నేడు కూడా ఉన్నారు. బాల్టిమోరు పట్టణంలో కేథరిన్ సెస్నిక్ అనే 26 ఏండ్ల సన్యాసిని, పాఠశాల ఉపాధ్యాయురాలు, 1969 నవంబరులో కనబడకుండా పోయింది. 1970 జనవరిలో ఆమె శవం దొరికింది. చంపినవారెవరో నేటికీ తేలలేదు. ఆమె దగ్గర చదువుకున్న ఇద్దరు స్త్రీలు వృద్ధాప్యంలో ఆ కాగితాలన్నీ తిరగవేయడం మొదలుపెట్టారు. 2017లో వచ్చిన ద కీపర్స్ అనే డాక్యుమెంటరీ వారి కథే. ఆ పాఠశాలలో ఒక గురువు తమను చెరిచాడని అప్పటి విద్యార్థినులు అందులో నోరు విప్పి చెప్పారు. బాధితులు ఇలా ఏండ్ల తరబడి మాట్లాడుతూ వచ్చారు. 2023లో మేరీల్యాండ్ రాష్ట్ర అటార్నీ జనరల్ నివేదిక వెలువడింది. ఆ అధిమేత్రాసనంలో సుమారు 80 ఏండ్లలో 600 మందికి పైగా పిల్లలు చెరచబడ్డారని, 156 మంది దోషులని అందులో వ్రాయబడింది. పిల్లలుగా బాధలు పడినవారు ఎన్నేళ్లకైనా దావా వేయవచ్చునని అదే ఏడాది అక్కడ చట్టం వచ్చింది.

అది వేరే సంఘంలో జరిగిందని మనం గుండెమీద చేయి వేసుకోవద్దు. మన సంగతి చూడండి. మన సువార్త కూటములలో ఒకప్పటి రౌడీ సాక్ష్యం అంటే జనం ఎగబడి వస్తారు. అతడు చేసిన పాపాలు గంటసేపు, ప్రభువు కృప అయిదు నిమిషాలు. అతడు కొట్టిన మనిషి బ్రతికి ఉన్నాడా? ఆ ఇంటివారికి ఇతడు క్షమాపణ చెప్పాడా? ఎవ్వరమూ అడగము. హాస్టలులోనో, సండే స్కూలులోనో ఒక బిడ్డ ఏడిస్తే, సంఘం పరువు పోతుందని నోరు మూయించేవారమూ మనమే. దొంగల చేతికి చిక్కిన మనిషిని చూసి కూడా యాజకుడు ప్రక్కగా వెళ్లిపోయాడు. ఆ ఉపమానం యేసు ప్రభువు మనకోసమే చెప్పాడు.

ఓటీటీ కట్టివేయండి అని నేను ఆజ్ఞ ఇవ్వడం లేదు. కాని చూసి లేచిన తరువాత మూడు మాటలు మిమ్మును మీరు అడగండి. చనిపోయినవారి పేరు నాకు గుర్తున్నదా? ఆ ఇంటివారి బాధకు ఇందులో గౌరవం ఉన్నదా? చూసినందువలన నేను కాచవలసిన ఒక మనిషి నాకు కనబడ్డాడా? మూడింటికీ లేదు అని జవాబు వస్తే, రెండవ ఎపిసోడ్ మొదలు కాకముందే ఆపివేయండి.

ఆ తరువాత ఒక పని చేయండి. మీ వీధిలో బిడ్డను పోగొట్టుకొన్న ఇల్లు ఒకటి ఉంటుంది. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడికి వెళ్లండి. వివరాలు అడగవద్దు. ఆ బిడ్డ పేరు పలికి, కాసేపు కూర్చుని రండి. నేనూ ఆ తల్లి ఇంటికి మళ్లీ వెళ్లాను. ఆమె తన కుమారుని చిన్ననాటి సంగతులు చెప్తుంటే సాయంకాలం వరకు విన్నాను. అతడు ఎలా చనిపోయాడో ఆ రోజు ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ప్రార్థించుదము. హేబెలు పేరు మరువని దేవా, ఇతరుల కన్నీటిని చూచి కాలక్షేపం చేసికొన్న మా కన్నులను క్షమించుము. రిస్పా ఓపికను మాకు దయచేయుము. మా సంఘాలలో నోరు మూయబడిన బిడ్డల మొర మేము వినునట్లు చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.